కడుపు ఒప్పుకున్న ఆకు

ఒక ఉగాది నాడు పచ్చడి తింటూనే నేనొక శపథం పట్టాను. ఇక మీదట రాత్రిపూట అన్నం ముట్టను, సలాడ్ మాత్రమే తింటాను అని. ఆ రాత్రే పెద్ద గిన్నె నిండా లెట్యూస్, పచ్చి క్యాబేజీ తురుము, ఉల్లి చక్రాలు వేసి, సీసాలో దొరికే తెల్లటి డ్రెస్సింగ్ పోసి కలిపాను. ఫోటో కూడా తీసుకున్నాను. మూడో రోజుకు పొట్ట డప్పులా బిగుసుకుంది. ఆరో రోజుకు తేన్పులు. ఎనిమిదో రోజున ఇంట్లోవాళ్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. అయినా పట్టు వదల్లేదు. మంచి అలవాటు మొదట్లో బాధపెడుతుందని ఎక్కడో చదివిన మాట నన్ను నడిపించింది.

తొమ్మిదో రోజు శ్రీరామనవమి. భద్రాచలంలో కల్యాణం చూసి, దశమి నాడు పర్ణశాలకు వెళ్లాం. భద్రాచలం నుంచి గోదావరి వెంట సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం. వనవాసంలో సీతారామలక్ష్మణులు ఆకుల గుడిసె వేసుకుని ఉన్నది అక్కడేనని జనం నమ్మకం. సీతమ్మ వాగు దగ్గర, ఆమె నారచీరలు ఆరేసిందని చూపించే రాళ్లకు కాస్త దూరంలో కూర్చుని నా డబ్బా తెరిచాను. పక్కన ఒక అవ్వ గంగవాయిలి కట్టలు, చింతచిగురు ముందేసుకుని అమ్ముతోంది. డబ్బాలోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూసింది.

"పచ్చాకు మేక తింటది సారూ. మనిషి జర పొయ్యికి చూపిచ్చుకుని తింటడు."

నవ్వేశాను. కానీ ఆ మాటలో ఎంత శరీరశాస్త్రం ఉందో ఇంటికి వచ్చి చదువుకున్నాక తెలిసింది. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాటకు వివరణే. ఆకు మంచిదే, అందులో అనుమానం లేదు. అయితే ఎంత మంచి ఆకైనా ఒంటికి పట్టాలంటే ముందు కడుపు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు సంపాదించడం ఎలాగో చూద్దాం.

మేక కడుపు, మనిషి కడుపు

మేక కడుపులో నాలుగు గదులు ఉంటాయి. మొదటి గది పెద్ద పులియబెట్టే కుండ. ఆకులోని గట్టి పీచును విడగొట్టే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ అందులో కాపురం ఉంటాయి. మేసిన ఆకు ముందుగా వాటి చేతిలో పడుతుంది. చాలకపోతే మేక దాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది.

మన ఏర్పాటు దీనికి తలకిందులు. మనకూ సూక్ష్మజీవులున్నాయి కానీ వాటిలో ఎక్కువ భాగం ఉండేది చివరి మజిలీలో, పెద్దపేగులో. ఆకు పీచును విడగొట్టే రసాలు మన జీర్ణాశయంలోగానీ చిన్నపేగులోగానీ లేవు. అందువల్ల అది దాదాపు అలాగే పెద్దపేగు దాకా ప్రయాణిస్తుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అప్పుడు రెండు పుడతాయి. ఒకటి మేలు చేసే ఆమ్లాలు. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. రెండోది గ్యాస్.

అంటే గ్యాస్ రావడం జబ్బేమీ కాదు, లోపల పని జరుగుతోందనడానికి గుర్తు. చిక్కల్లా మోతాదుతోనే. ఏళ్ల తరబడి తెల్లన్నం, కాస్త కూర తిన్న పేగులో పీచు తినే సూక్ష్మజీవుల బలగం తక్కువగా ఉంటుంది. అలాంటి ఇంటికి ఒక్కసారిగా పెళ్లివారంతా దిగితే వండేవాళ్లు ఏం చేస్తారు? వారానికి కొందరు చొప్పున వస్తే ఇల్లూ సర్దుకుంటుంది, వంటవాళ్లూ పెరుగుతారు. నా ఉగాది శపథంలో పొరపాటు అదే. క్యాబేజీ, పచ్చి ఉల్లి, లెట్యూస్ మూడింటినీ బంధుమిత్ర సపరివారంగా ఒకే రాత్రి దింపాను.

అవ్వ చెప్పిన పొయ్యి సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. వేడి తగిలితే ఆకు కణాల గోడలు మెత్తబడతాయి. మనం నమలాల్సింది తగ్గుతుంది, లోపలి పోషకాలు బయటికి రావడం సులువవుతుంది. ఇంకో లాభం శుభ్రత. వాగు ఒడ్డునో మురుగు కాల్వ పక్కనో పెరిగిన ఆకుపై టైఫాయిడ్ క్రిములు, పురుగుల గుడ్లు ఉండొచ్చు. ఉప్పునీళ్లలో ముంచితే మట్టి, చిన్న పురుగులు పోతాయి, క్రిములు మాత్రం పూర్తిగా చావవు. వేడి చూపిస్తే చస్తాయి. చాతుర్మాస్య వ్రతంలో శ్రావణంలో ఆకుకూర మానేయడం మన ఆచారం. వానల్లో ఆకు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఆ నియమం వింతగా అనిపించదు.

ఆకు పేరు పెట్టుకున్న విటమిన్

ఆకుకూ కడుపుకూ ఉన్న బంధం ఎంత సున్నితమో చెప్పడానికి మన భీమవరం బిడ్డ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. యవ్వనంలో ఉండగానే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తర్వాత అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది, అదృష్టవశాత్తూ కోలుకున్నారు. స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది తిన్నట్టే జారిపోతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కిపోతాడు.

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. ఆ మాట మీదే దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మన భాషలో పెట్టి ఉంటే పర్ణామ్లం అనేవాళ్లేమో! దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి వేసింది లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడిపించిన బృందం. 1940ల నడుమ ఆ విజయం లోకానికి తెలిసింది. తన సోదరులను పొట్టన పెట్టుకున్న జబ్బుకే అది మందుగా పనికివచ్చింది.

ఈ కథలో మనం పట్టుకోవాల్సిన చిన్న సంగతి ఒకటుంది. స్ప్రూ రోగి ముందు ఎన్ని కట్టల ఆకుకూర పెట్టినా పేగు పుచ్చుకోలేదు కాబట్టి ఉపయోగం అంతంతే. మనకు స్ప్రూ లేకపోవచ్చు. అయినా పళ్లెంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని పుచ్చుకునే పేగు ఎలా ఉందన్నదీ అంతే ముఖ్యం.

ఆకులోని ఈ విటమిన్‌కు, అంటే ఫోలేట్‌కు, వేడి పడదు, అది నీళ్లలో కరిగిపోతుంది కూడా. అందుకని ఆకును గిన్నెడు నీళ్లలో ఉడకబెట్టి వార్చేస్తే సగం సొమ్ము మోరీలో పోసినట్టే. కడిగిన తడితోనే, మూతపెట్టి, ఒకటి రెండు నిమిషాలు వాడ్చడం మధ్యేమార్గం. పచ్చిదానికీ ఉడికినదానికీ నడుమ ఉండే ఈ స్థితే మన సలాడ్‌కు పునాది.

సీజర్ గారి గిన్నెను మన వంటింటికి తెద్దాం

ప్రపంచంలో బాగా పేరుపడ్డ ఆకు సలాడ్లలో సీజర్ సలాడ్ ఒకటి. దానికి రోమ్ చక్రవర్తితో చుట్టరికం లేదు. సీజర్ కార్డినీ అనే ఇటలీ వలసదారు 1924లో మెక్సికోలోని టిహువానాలో తన హోటల్లో చేసిన వంటకంగా చెబుతారు. రొమైన్ లెట్యూస్, గుడ్డు, వెల్లుల్లి, నిమ్మజాతి పులుపు, ఆలివ్ నూనె, పార్మెజాన్ చీజ్, వేయించిన రొట్టె ముక్కలు దాని సరంజామా. రుచిగా ఉంటుంది. ఒక్కో దినుసును పక్కకు తీసి "నువ్వు ఇక్కడ చేసే పనేమిటి?" అని అడిగితే, అదే పని చేసిపెట్టే మనిషి మన వంటింట్లోనే కనిపిస్తాడు.

*లెట్యూస్* పని పచ్చదనం, నిగనిగ. ఆ పని గంగవాయిలి చేస్తుంది. కొన్ని ఊళ్లలో దీన్ని పాయలకూర అంటారు. కాడలో నీరు, నాలుకకు కాస్త జిగురు, కాస్త పులుపు. లేత బచ్చలి, పొన్నగంటి, లేత తోటకూర కూడా పనికివస్తాయి. చైత్రంలో చింతచిగురు దొరికితే నిమ్మకాయ అవసరమే ఉండదు.

*పచ్చిగుడ్డు* పని చిక్కదనం. మన ఎండల్లో పచ్చిగుడ్డు ప్రమాదం. దాని బదులు గడ్డ పెరుగు. పెరుగులో పాలచక్కెర కొంత తగ్గి ఉంటుంది, బతికున్న సూక్ష్మజీవులు ఉంటాయి. గంగవాయిలి, తోటకూర, బచ్చలి వంటి ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ. పెరుగులోని కాల్షియం పేగులోనే వాటిని పట్టి ఉంచి రక్తంలోకి పోకుండా కొంత ఆపుతుంది.

*వెల్లుల్లి* పని ఘాటు. ఇక్కడ మన తాలింపు గొప్పతనం చూడండి. వెల్లుల్లిలో చాలామందికి గ్యాస్ తెప్పించేవి ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు. అవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వాసన మాత్రం నూనెలోకి దిగుతుంది. అందుకే దంచిన రెబ్బల్ని నూనెలో ఎర్రగా వేయించి తీసేస్తే రుచి నీది, ఉబ్బరం బయటిది. ఈ నూనెను మాత్రం ఏ పూటకాపూట చేసుకోవాలి. వెల్లుల్లి నూనెను సీసాలో పోసి బయట నిల్వ పెడితే ప్రాణాంతకమైన విషక్రిమి పెరగొచ్చు.

*రొట్టె ముక్కల* పని కరకర. నిన్నటి జొన్నరొట్టె ముక్కలు పెనం మీద వేయించితే అంతకన్నా బాగుంటాయి. వండి చల్లారిన పిండిలో కొంత భాగం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. అది పెద్దపేగులోని సూక్ష్మజీవులకు తిండి. చద్దన్నం విలువలో కొంత భాగం ఇదే.

*చీజ్* పని కమ్మదనం. వేయించి దంచిన నువ్వులు ఆ లోటు తీరుస్తాయి. కొందరు సీజర్ సలాడ్‌లో నెత్తళ్లు వేస్తారు. గోదావరి జిల్లాల వాళ్లకు ఎండు నెత్తళ్లు కొత్త కాదు. కానీ పెరుగుతో చేప పడదనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వాళ్లకు నువ్వులే చాలు.

వీటికి తోడు నేనొకటి చేర్చాను: మొలకెత్తిన పెసలు. నవమి నాడు పానకంతో పాటు పంచే వడపప్పు గుర్తుందిగా? నానిన పెసరపప్పులో కీర, కొబ్బరి, మామిడి కోరు కలిపే ఆ ప్రసాదం కూడా నికార్సయిన తెలుగు సలాడే. పప్పుధాన్యాల్లో ఉబ్బరం తెచ్చే చక్కెరలు మొలకెత్తేటప్పుడు తగ్గుతాయి. ఆవిరి మీద కాసేపు ఉంచితే ఇంకా సుఖం.

చేసే పద్ధతి (ఇద్దరికి)

కావలసినవి: ఆకు 150 గ్రాములు, మొలకెత్తిన పెసలు అరకప్పు, చెక్కు తీసిన లేత కీర ఒకటి, గడ్డ పెరుగు ముప్పావు కప్పు, నిన్నటి జొన్నరొట్టె ఒకటి, నువ్వులు రెండు చెంచాలు, నూనె రెండు చెంచాలు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, జీలకర్ర అరచెంచా, ఎండుమిర్చి ఒకటి, కరివేపాకు, ఉల్లికాడల పచ్చని భాగం కొద్దిగా, ఉప్పు, అరచెక్క నిమ్మకాయ.

1. ఆకును మూడు నీళ్లలో కడగండి. గంగవాయిలి నేలబారున పెరుగుతుంది కనుక మట్టి కాడల మొదట్లో దాక్కుంటుంది. ముదురు కాడలు తీసేయండి.

2. పెసలను ఆవిరి మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. వేలితో నొక్కితే నలగాలి, ముద్ద కాకూడదు.

3. మూకుడు వేడయ్యాక తడి ఆకు వేసి మూత పెట్టండి. ఒక నిమిషానికి తిరగేసి, ఇంకో నిమిషం ఉంచండి. ఆకంతా వేడెక్కి రంగు ముదురుపచ్చకు తిరగగానే పళ్లెంలోకి తీసి ఆరబెట్టండి. గిన్నెడు ఆకు గుప్పెడవుతుంది. చూసి కంగారుపడి ఇంకో కట్ట వేయకండి. కొలత వాడ్చకముందు ఆకుదే.

4. నువ్వులు వేయించి కచ్చాపచ్చాగా దంచండి. జొన్నరొట్టెను వేలి గోరంత ముక్కలుగా తుంచి, నూనె లేకుండా పెనం మీద కరకరలాడేదాకా వేయించండి.

5. నూనెలో దంచిన వెల్లుల్లి వేయించి రెబ్బలు తీసేయండి. అదే నూనెలో జీలకర్ర, మిర్చి, కరివేపాకు చిటపటలాడించండి. దించి చల్లారనివ్వండి. ఆగలేని చేతులు తప్పు చేసేది ఇక్కడే. పెరుగులో మరిగే తాలింపు పోస్తే అందులో బతికున్నవి చచ్చిపోతాయి. వేలు పెట్టి ఓర్చుకోగలిగిన వేడి ఉన్నప్పుడే కలపాలి.

6. పెరుగులో ఉప్పు, తాలింపు, సగం నువ్వులపొడి కలిపి చిలకండి. ఆకు, పెసలు, కీర, ఉల్లికాడలు వేసి పైపైన కలపండి. నిమ్మరసం పిండండి. ఆ పులుపు ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. రొట్టె ముక్కలు, మిగిలిన నువ్వులపొడి తినే ముందు చల్లండి.

ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినే వంటకం కాదిది. నీరు వదిలి నీరసపడిపోతుంది.

నాలుగు వారాల ఒప్పందం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కిలో కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. ఇది చేరుకోవాల్సిన ఊరు. బయలుదేరిన రోజే చేరిపోవాలనుకుంటే నా ఉగాది శపథమే మళ్లీ జరుగుతుంది.

మొదటి వారం: మధ్యాహ్నం అన్నం మీ మామూలు ప్రకారమే తినండి. పక్కన రెండు గరిటెల సలాడ్, పెసలు లేకుండా. రాత్రిపూట వద్దు.

రెండో వారం: నాలుగు గరిటెలు. ఒక చెంచా పెసలు చేర్చండి. పీచు పెరిగినప్పుడు నీళ్లు కూడా పెరగాలి. లేకపోతే విరేచనం సాఫీ కావాల్సింది పోయి గట్టిపడుతుంది.

మూడో వారం: పెసలు పూర్తి కొలతకు తెచ్చి, అన్నం ఒక ముద్ద తగ్గించి, ఆ చోటు సలాడ్‌కు ఇవ్వండి.

నాలుగో వారం: ఆకు మార్చండి. ఒకే ఆకును పట్టుకుని వేలాడితే ఒకే రకం సూక్ష్మజీవులకు తిండి పెట్టినట్టు. వారంలో మూడు రకాల ఆకులు తిరగనివ్వండి.

ప్రతి రాత్రి చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాయండి: పొట్ట బిగిసిందా, విరేచనం ఎలా అయింది, రేపు మళ్లీ తినాలనిపిస్తోందా. రెండు రోజులు వరసగా పొట్ట బిగిస్తే ఒక వారం వెనక్కి వెళ్లండి. వెనక్కి వెళ్లడం ఓటమి కాదు. పేగు "ఇంకొంచెం టైమివ్వు" అంటోంది, ఇవ్వండి. మూడో ప్రశ్నకు వారమంతా "లేదు" అని వస్తే తప్పు మీ మనోబలానిది కాదు, గిన్నెది. ఆకు మార్చండి, పులుపు పెంచండి. రుచి లేని మంచి అలవాటు పండగ వచ్చేదాకా కూడా నిలవదు.

ఎవరు ఆగి ఆలోచించాలి?

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు. ఆకులోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు తిరుగుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు గంగవాయిలి, తోటకూర, పాలకూర తగ్గించుకోవాలి. తిన్నప్పుడు మాత్రం ఉడికించి నీళ్లు వార్చేయడమే వాళ్లకు మేలు. ఫోలేట్ కొంత పోయినా సరే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పేగు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే సలాడ్లూ చిట్కాలూ పక్కనపెట్టి ఆస్పత్రికి వెళ్లండి.

ఈ వారం చేయాల్సిన పని

సంతకో రైతుబజారుకో వెళ్లి మీకు పేరు తెలియని ఆకు ఒకటి చూడండి. అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: దీన్ని ఏమంటారు, మీ ఇంట్లో ఎట్లా వండుతారు? వాళ్లు చెప్పిన పద్ధతిలోనే మొదటిసారి తినండి. మీ ప్రయోగాలు రెండోసారి నుంచి. ఒక ఆకును తరతరాలుగా తిన్నవాళ్లకు అది ఎవరికి పడుతుందో, ఏ నెలలో పడదో, ఎంతసేపు పొయ్యి చూపించాలో తెలిసి ఉంటుంది.

ఆ దశమి నాడు నేను ఆ రెండు ప్రశ్నలు అడగలేదు. అడక్కుండానే జవాబు వచ్చింది. లేచేటప్పుడు అవ్వ దగ్గర రెండు కట్టల గంగవాయిలి కొన్నాను. డబ్బాలోని క్యాబేజీ ఏం చేయాలో తోచక నిలబడితే ఆమె చేయి చాపి తీసుకుని, వెనక చెట్టుకు కట్టేసి ఉన్న మేక ముందు బోర్లించింది. అది ఒక్క ఉల్లి చక్రం మాత్రం వదిలేసి మిగతాదంతా నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా తింది.